పదకొండింటికి కరెంటు పోతుంది

అన్నం వార్చి గిన్నె పక్కకు పెడుతున్నాను. నైట్ షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన, పేరు అంకుశం, పీట మీద కూర్చుని, పళ్లెం ముందుకు రాకముందే జేబులోంచి ఫోన్ తీశాడు. "ఇది ఇన్నవా?" అని మీట నొక్కాడు. ఆయన చెవులు సగానికి సగం సాంచెలకు పోయాయి. మరమగ్గాలను మేము సాంచెలంటాం. అందుకని ఆయన ఫోన్ ఎప్పుడూ నిండు సౌండులోనే మోగుతుంది. మా రేకుల గది అదిరేటట్టు ఒక ఆడగొంతు మొదలైంది.

ఒక్క దెబ్బకు బువ్వ, రెండు దెబ్బలకు కూర,
పళ్లెం మీద వేలే గని పలుకు లేదు దొర.
సాంచ ఆగితె షిఫ్టు దిగుతవ్, సైరనన్న కూస్తది,
నా షిఫ్టు ఎప్పుడు దిగుతదో ఏ గడియారం జూస్తది?

అది నా గొంతు.

చేతిలో గిన్నె జారలేదు. జారి ఉంటే బాగుండేది, మెతుకులు ఏరే వంకతో ముఖం దాచుకునేదాన్ని. పొయ్యి ముందు అట్లాగే కూర్చుండిపోయాను. నా బిడ్డ బిందు పుట్టినప్పుడు కూడా అంత భయపడలేదు నేను. ఆయన మాత్రం నవ్వుతున్నాడు. "భివండి మొత్తం ఇదే మోగుతుంది. కాల్హేర్ గోదాముల కాడ హమాలోళ్లు సుత వెట్టుకొని ఇంటున్నరు. ఎవల పెండ్లామో గని, గసొంటిది నా ఇంట్ల ఉంటె నాలిక కోసి చేతిల వెడుదు" అన్నాడు. అని, నా మూతి వైపు చూశాడు. అది కొత్త కాదు. సాంచెల మనుషులు ఎవరితో మాట్లాడినా కళ్ళలోకి చూడరు, మూతి చూస్తారు. తర్వాత పళ్లెం మీద వేలితో ఒకసారి కొట్టాడు. అన్నం పెట్టాను. రెండుసార్లు కొట్టాడు. కూర వేశాను. ఫోన్‌లో నేను ఎగతాళి చేస్తూనే ఉన్నాను, పొయ్యి దగ్గర నేను వడ్డిస్తూనే ఉన్నాను.

గడప దగ్గర బీడీలు చుడుతున్న మా అత్త ఆగమ్మ తల ఎత్తలేదు. "ఆడిదాని గొంతు గడప దాటితె గిట్లనే గంగల కలుస్తది" అంది. ఆమె ఏనాడూ సాంచెల దగ్గర పనిచేయలేదు. చాటలో ఆకు కదిలినా వినబడే చెవులు ఆమెవి. ఆ రోజు నుంచీ నాకు ఆ చెవులంటే ఒకటే భయం.

వేలితో కొట్టడం మా ఆయన ఒక్కడికే ఉన్న అలవాటు కాదు. ఇరవై నాలుగు సాంచెలు ఒక్కసారి ఆడే షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. దారం తెగితే ఒక సైగ, కండె అయిపోతే ఒక సైగ, సేటు వస్తే ఒక సైగ. మిగిలిందంతా పెదవులు చూసి అర్థం చేసుకోవడమే. పన్నెండు గంటలు అట్లా బతికిన మనిషి ఇంటికి వచ్చి కూడా అట్లాగే ఉంటాడు. మా గల్లీలో ప్రతి ఇంట్లో మగవాళ్ళు పళ్లెం కొడతారు. పాట విన్న ప్రతి ఆడది అది తన ఇల్లే అనుకుంది, ప్రతి మగవాడు పక్కింటి సంగతి అనుకున్నాడు. నన్ను అన్నాళ్ళు కాపాడింది వాళ్ళ ఆ నమ్మకమే.

నాకీ పిచ్చి ఎట్లా పట్టిందో చెబుతాను. నేను షెడ్డు పక్కనున్న చిన్న గదిలో కండెలు చుడతాను. కండె అంటే సాంచెలో అటూ ఇటూ పరిగెత్తే నాడె లోపల కూర్చునే దారపు పుల్ల. బయటికి కనబడదు, గుడ్డంతా దాని నుంచే వస్తుంది, అయిపోగానే తీసి బుట్టలో పారేస్తారు. నా గదికీ షెడ్డుకూ మధ్య ఒక జాలీ కిటికీ ఉంది. పొద్దుటి నుంచి ఆ సాంచెల దరువు గుండెలో కొడుతూ ఉంటే, ఎప్పుడో దానికి తగ్గట్టు నోట్లో మాటలు రావడం మొదలైంది. మొదట అత్త తిట్లే వచ్చాయి. "ఇంత ఉప్పా, నీ అయ్య సముద్రమేమన్న కొనిచ్చిండా" అని ఆమె అన్న మాటను దరువు మీద పెడితే నవ్వొచ్చింది. నవ్వొచ్చాక నొప్పి తగ్గింది. తర్వాత ఆయన మాటలు, సూపర్‌వైజర్ మాటలు, నల్లా దగ్గర మాటలు అన్నీ పెట్టాను. ఆ హోరులో నేను గొంతు చించుకుని అరిచినా నాకే సరిగా వినబడేది కాదు. అంతకంటే భద్రమైన చోటు నాకు బొంబాయి పక్కనున్న ఈ భివండీలో ఇంకొకటి లేదనిపించింది.

మరి దీన్ని ర్యాప్ అంటారని నాకు చెప్పింది మేఘన. మా సేటు వెంకటేశంగారి కూతురు. ప్రతి బుధవారం మమ్మల్ని నలుగురు ఆడవాళ్ళను టెంపోలో కాల్హేర్ గోదాముకు తీసుకుపోతారు, నేసిన గుడ్డలో తప్పులు చూసి గుర్తుపెట్టడానికి. డిగ్రీ మధ్యలో మాన్పించి మేఘనను వాళ్ళ నాయన అక్కడ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ఒక రోజు నేను గుడ్డ మడుస్తూ గొణుగుతుంటే వెనక నిలబడి విని, "అక్కా, మళ్ళ జెప్పవా?" అంది. తిట్లు వినబడ్డాయేమో అనుకున్నాను. ఆమె బొంబాయి కుర్రాళ్ళు చెప్పే పాటలు చెవిలో పెట్టి వినిపించింది. వాళ్ళూ మాలాగే రేకుల ఇళ్ళ వాళ్ళే. వాళ్ళు పోలీసులను తిట్టారు, నేను పళ్లేన్ని తిట్టాను, తేడా అంతే.

అన్నం బ్రేకులో ఇద్దరం గుడ్డ తాకాల, అంటే తానుల మధ్యకు పోయేవాళ్ళం. నాలుగు వైపులా మనిషి ఎత్తు గుడ్డ పేర్చి ఉంటే చప్పుడు బయటికి పోదు, లోపలికి రాదు. ఆ గుడ్డంతా మా షెడ్డులోదే, మా ఆయన చేతుల మీద వచ్చిందే. దాని మధ్య నిలబడి ఆయన మీద పాట రికార్డు చేశాను. మేఘన సాంచ చప్పుడును ఫోన్‌లో పట్టి కింద దరువుగా వేసింది. పేరు ఏం పెడదామంటే కండె అని పెట్టమన్నాను. రెండేళ్ళలో మూడు పాటలు. ఆమె వాటిని కంప్యూటర్ మీద ఆర్కుట్‌లో పెట్టేది. ముఖం లేదు, ఊరు లేదు, ఉత్త గొంతు. ఎక్కడెక్కడి నుంచో జనం రాసేవాళ్ళట, బుధవారం బుధవారం చదివి చెప్పేది. మళ్ళీ బుధవారం దాకా నేను వాటిని నెమరేసుకుంటూ అంట్లు తోమేదాన్ని.

ఒక్కసారే ఒక్కసారి జనం ముందు చెప్పాను. ఠాణేలో ఏదో జిమ్ కింద గదిలో ముప్పై మంది కుర్రాళ్ళు జమయ్యారు. కళ్ళ దవాఖానకని అత్తకు చెప్పి పోయాను. నన్ను చూసి ఒకడు కుర్చీ జరిపి, "ఆంటీ, ఆప్ కిస్‌కీ మమ్మీ హై?" అని, ఎవరి అమ్మనో అడిగాడు. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. మైకు మూతికి మరీ దగ్గర పెట్టుకుంటే పంటికి తగిలింది. సాంచ చప్పుడు మొదలైంది, నా నోరు దానంతటదే తెరుచుకుంది. అయిపోయాక ఆ గది అరిచిన అరుపు ఇప్పటికీ ఒక్కోసారి వినబడుతుంది. ఆంటీ అన్నవాడే వచ్చి, "దీదీ, ఏక్ బార్ ఔర్" అని ఇంకొకసారి చెప్పమన్నాడు. నాలుగింటికల్లా ఇంట్లో ఉండాలని చెప్పి పరిగెత్తాను. ఆ గదిలో ఎవరో ఫోన్‌లో ఎక్కించుకున్నారు. మొబైల్ షాపుల్లో మెమరీ కార్డుల నిండా పాటలు పోసి ఇస్తారే, అట్లా ఒక కార్డు నుంచి ఒక కార్డుకు ఎక్కుతూ పాట దారిలోని కాశేలి దాటి, మా గల్లీ దాకా వచ్చింది. వచ్చి మా ఆయన జేబులో కూర్చుంది.

తర్వాత మూడు వారాలు నేను నిద్రపోయానని చెప్పలేను. చాయ్ హోటళ్ళలో మరాఠీ వాళ్ళు, ఉత్తరాది భయ్యాలు మా తెలుగు మగవాళ్ళు కనబడగానే గ్లాసు మీద వేలితో రెండుసార్లు కొట్టడం మొదలుపెట్టారు. "క్యా అణ్ణా, సబ్జీ చాహియే క్యా?" అంటూ కూర కావాలా అని నవ్వడం. మా తెలుగు నేతవాళ్ళ సంఘం పెద్దమనిషి గట్టయ్యను వరాలా చెరువు దగ్గర పొద్దున నడుస్తుంటే, పోయే బస్సులోంచి రేకు మీద కొట్టి మరీ వెక్కిరించారట. ఇక ఆయన ఊరుకుంటాడా. "ఇంటి ముచ్చట బజార్ల వెట్టిన ఆడిది ఎవతో తేలాలె" అన్నాడు. పాటలో అబద్ధం ఉందని ఎవరూ అనలేదు. బయటికి పొక్కిందనే బాధ.

తేలితే ఏమవుతుందో నాకు తెలుసు. పోయిన యేడు దేవయ్య పెండ్లాం టెంపో డ్రైవరుతో నవ్వుతూ మాట్లాడిందని సంఘం కూర్చుని సొంతూరికి పంపేసింది. సాయంత్రం ట్రావెల్స్ బస్సు ఎక్కించడానికి మొగుడు రాలేదు, అత్త వచ్చింది. పిల్లలిద్దరినీ ఇక్కడే ఉంచుకున్నారు. చిన్నవాడు కిటికీ చువ్వ పట్టుకుని వదలకపోతే ఒక్కొక్క వేలూ విప్పారు. అది చూసిన ఆడవాళ్ళలో నేనూ ఉన్నాను. ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి బిందును పక్కలో పడుకోబెట్టుకుని దాని వేళ్ళు పట్టుకున్నాను. ఇప్పుడు బిందుకు ఆరేళ్ళు. మరాఠీ బడికి పోతుంది. నా పాట దానికి మొత్తం వచ్చు, నేను నేర్పలేదు, నా నోటి నుంచి రాలిపడింది ఏరుకుంది. ఆ మూడు వారాలూ అది ఏ కూనిరాగం తీసినా ఉలిక్కిపడి నోరు మూసేదాన్ని. ఒకసారి గట్టిగా మూశానేమో, దాని బుగ్గ మీద నా వేళ్ళు ఎర్రగా పడ్డాయి.

"కొన్ని దినాలు బంద్ జేద్దాం అక్కా" అని మేఘన అంటుందేమో అనుకున్నాను. ఆమె మాత్రం ఎగిరి గంతేస్తోంది. బొంబాయి వాళ్ళు సీడీ వేస్తారట, కండె పాట ఇంకొకటి కావాలట. "భయమెందుకక్కా, నేనున్న గద" అంది. ఆమె మంచిదే. కానీ దొరికితే ఆమెకు నాలుగు రోజులు ఫోన్ ఉండదు, నాకు బిడ్డ ఉండదు. ఆ మాటే అన్నాను. నేనే మళ్ళీ, "పాట తయారైతుంది లే, చూద్దాం" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. భయపడే కొద్దీ మాటలు ఎక్కువ వస్తున్నాయి, నేనేం చేసేది.

అవును, కొత్త పాట తయారైంది. కండెల యంత్రం ముందు, ఆ హోరులోనే. ఒక్క జాగ్రత్త పడేదాన్ని. అది రెండు వేల ఏడో సంవత్సరం, భివండీలో రోజూ గంటల కొద్దీ కరెంటు కోత. మా వైపు పదకొండింటికి పోయి మూడింటికి వచ్చేది. ఆ టైంటేబుల్ పేపర్లో చింపి గోడకు అంటించుకున్నాను. కరెంటు పోయిందంటే ఊరంతా ఒక్కసారి నిశ్శబ్దం. కొత్తవాళ్ళు ఆ నిశ్శబ్దానికి చెవులు పట్టుకుంటారు. అందుకని పదకొండుకు ఐదు నిమిషాల ముందే నోరు మూసేదాన్ని. ఒక మంగళవారం మాత్రం టైము కాకముందే పోయింది. నేను మంచి ఊపులో ఉన్నాను. అన్ని సాంచెలూ ఒక్కసారిగా ఆగిపోయాయి, నా సగం మాట ఒక్కటే గాలిలో నిలబడింది. మిగతా సగాన్ని దగ్గుగా మార్చాను. దగ్గి దగ్గి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. జాలీ అవతల మగవాళ్ళు ముఖాలు తుడుచుకుంటూ బయటికి పోయారు. మా ఆయన నాలుగో సాంచ దగ్గర నిలబడి నా వైపు చూశాడు. "నీళ్ళు తాగు" అన్నట్టు బొటనవేలు నోటికి చూపించాడు. బతికాననుకున్నాను.

శుక్రవారం షెడ్లకు సెలవు. ఆ మధ్యాహ్నం సంఘం హాలులో కూడాలని గట్టయ్య కబురు పెట్టాడు. ఇంటికొక మగవాడు, వెంట ఆ ఇంటి పెద్ద బిడ్డ. ఒక్కొక్కరూ లేచి బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, "గీ పాట నా ఇంట్లది కాదు" అని ఒట్టు వెయ్యాలి. ఆడవాళ్ళు రాకూడదు. మా వాళ్ళలో బిడ్డ మీద ఒట్టంటే చిన్న సంగతి కాదు. అబద్ధపు ఒట్టు బిడ్డకే తాకుతుందంటారు. దొంగతనాలు కూడా దానితో బయటపడ్డాయి. మా ఆయన బిందుకు బడి గౌను తొడిగించమన్నాడు. గుండీలు పెడుతుంటే నా వేళ్ళు గుండీ దొరకబుచ్చుకోలేకపోయాయి. బిందు నా ముఖం చూసి, "అమ్మా, నువ్వు ఘాబరూ నకో. నాకు ఎర్కే" అంటూ, భయపడొద్దని బడి మరాఠీ కలిపి మెల్లగా చెప్పింది. దానికి ఏం తెలుసో అడిగే ధైర్యం లేకపోయింది.

వాళ్ళు పోయాక ఇంట్లో నేనూ అత్తా మిగిలాం. ఆమె బీడీలు చుడుతోంది. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను, ఏరిన రాళ్ళే మళ్ళీ బియ్యంలో వేస్తున్నాను. ఆమె చూస్తూనే ఉంది. బస్సు ఎన్నింటికి బయలుదేరుతుందో, ఏ చీర కట్టుకుని పోవాలో, బిందు జడకు నూనె ఎవరు పెడతారో అన్నీ ఆలోచించేశాను. ఒక దశలో లేచి హాలుకు పోయి నేనే అని చెప్పేద్దామనుకున్నాను. కాళ్ళు రాలేదు. కాళ్ళు రానందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. గంట తర్వాత వాళ్ళు గల్లీ మలుపు తిరిగారు. ఆయన ముందు, బిందు వెనక. ఆయన ముఖంలో కోపం లేదు.

"అయిపాయె. మా ఇంట్లది కాదన్న" అన్నాడు చెప్పులు విడుస్తూ. నా ఒళ్ళంతా ఒక్కసారి తేలికైపోయింది. ఆయన నమ్మాడు, నేను దొరకలేదు, బిందు నాదే. అప్పుడు అత్త లేచింది. గుప్పెట్లో ఉప్పూ ఎండు మిరపకాయలూ తీసుకుని బిందును గడపలో నిలబెట్టి, తల చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. కొడుకు చెప్పింది నిజమే అయితే మనవరాలికి దిష్టి తీయాల్సిన పనేముంది? పొయ్యిలో మిరపకాయలు చిటపటమన్నాయి. అత్త నా వైపు చూడలేదు. ఆమెకు తెలుసన్నమాట.

అన్నం పెట్టాను. ఆయన పళ్లెం మీద వేలు పెట్టి కొట్టబోయి ఆగాడు. తల ఎత్తి, షెడ్డులో మాట్లాడినట్టు, గొంతు లేకుండా ఉత్త పెదవులతో చెప్పడం మొదలుపెట్టాడు. నేనూ ఆ మనుషుల మధ్యే బతుకుతున్నదాన్ని, పెదవులు చదవడం నాకూ వచ్చు.

చెవులు సాంచకిచ్చినవు, చేతులు సేటుకిచ్చినవు,
మిగిలిన నాలుగు తిట్లు దెచ్చి నా చెంగుల పోసినవు.
ఏడేండ్లాయె, పేరు వెట్టి ఎన్నడన్న పిలిచినవా?
గిన్నె మీద చెక్కిన పేరు నాకున్నదని తలిచినవా?

నేను రికార్డు చేయని పాట. మేఘనకు కూడా వినిపించలేదు. ఆ హోరులో తప్ప ఎక్కడా అనలేదు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

చెవులు లేనివాళ్ళ మధ్య గొంతు దాచుకున్నాను, నోరు దాచుకోవాలని తోచలేదు. వాళ్ళు చూసి వింటారని నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరు? అయినా జాలీకి ఎదురుగా కూర్చుని, నిండు వెలుతురులో, రోజూ పాట పెదవుల మీద పరిచి పెట్టాను. "ఎన్నటి సంది ఎర్కే నీకు?" అని అడిగాను. నా గొంతు నాకే వినబడలేదు.

"ఫోన్ల వినిపిచ్చిన నాడే. పొయ్యి కాడ నీ పెదవులు పాటతోని కదిలినయి." అన్నం కలుపుతూ నెమ్మదిగా చెప్పాడు. "షెడ్డుల సుత ఇద్దరు ముగ్గురు జూసిండ్రు. నా మొకం జూసి ఊకున్నరు. ఇయ్యాల నా బిడ్డ మీద అబద్ధపు ఒట్టేసిన. ఎవల కోసం? నీ కోసం. నా ఇజ్జత్ కోసం." ఒక ముద్ద తిన్నాడు. తర్వాత ఏడేళ్ళలో మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచాడు. "స్వర్ణా, ఇగ నోరు బంద్ జెయ్యి. లేకుంటె సంఘం ఎందుకు, నేనే బస్సెక్కిస్త. బిందు ఈడనే ఉంటది."

పేరు పెట్టి పిలవమని పాట కట్టాను. పిలిచాడు. అందుకు సంతోషించే ముఖం నాకు దొరకలేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణం ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. నన్ను కాపాడాడు కదా. దేవయ్యలాగా ఊరి ముందు నిలబెట్టలేదు కదా. సరే, మానేస్తాను, బిందు ఉంటే చాలు, పాటలదేముంది, అనుకున్నాను. అనుకుని రెండుసార్లు తల ఊపాను కూడా. ఆయన సరేనన్నట్టు పళ్లెం మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. కూర వేశాను.

సాయంత్రం బిందుకు జడ వేయడానికి కూర్చున్నాను. అది మామూలుగా జడ వేసేంతసేపూ గలగలా వాగుతుంది. ఆ రోజు పలకలేదు. ఆకలా అంటే తల ఊపింది. బడిలో ఏం చెప్పారంటే తల అడ్డంగా ఊపింది. గడ్డం పట్టుకుని నా వైపు తిప్పాను. పెదవులు రెండూ లోపలికి మడిచి పళ్ళ కింద నొక్కి పట్టుకుంది. హాలులో నిలబడినప్పటి నుంచీ అట్లాగే ఉందని తర్వాత తెలిసింది. "ఏమైంది బిడ్డా?" అంటే చాలాసేపటికి నోరు విప్పింది. "బాపు తల మీద చెయ్యి వెట్టంగనే పాట ఒస్తుండె అమ్మా నోట్లకు. నేను రానియ్యలే. గప్‌చుప్ ఉన్న. నేను మంచిగున్న గద?" కింది పెదవి మీద పంటి గాటు పడి రక్తం కట్టి ఉంది.

అత్త వెనక నుంచి, "మంచి బిడ్డ" అంది.

మూడు వారాలుగా నేను భయపడింది నా బిడ్డ నాకు కాకుండా పోతుందేమోనని. అది నా ఒళ్ళోనే కూర్చుని, నేను నేర్పకుండానే నా దగ్గర రెండో విద్య కూడా నేర్చేసుకుంది. మొదటిది పాట, రెండోది పెదవి కొరుక్కోవడం. దాని మూతి మీద నా వేళ్ళు పడ్డ రోజు గుర్తొచ్చింది. గట్టయ్య కాదు, వాళ్ళ బాపు కాదు, మొదట ఆ నోరు మూసింది నేను. వెన్న రాసి, నా కొంగుతో దాని పెదవి ఒత్తుతూ ఉంటే నాకు కొత్త భయం మొదలైంది. ఇది పాత భయంకంటే పెద్దది, పాతది దీని ముందు చిన్నపిల్ల.

శనివారం పొద్దున ఎప్పటిలాగే కండెల ముందు కూర్చున్నాను. బిందుకు ఒంటిపూట బడి. పదిన్నరకే వచ్చి నా పక్కన ఖాళీ బుట్ట బోర్లించుకుని కూర్చుంది. జాలీ అవతల మా ఆయన నాలుగో సాంచ దగ్గర ఉన్నాడు. దారం అతుకుతున్నాడు, మధ్య మధ్య నా మూతి చూస్తున్నాడు. నా మూతి బిగించే ఉంది, చూసి తృప్తిగా మళ్ళీ పనిలో పడుతున్నాడు. ఆయన ఏం చేస్తాడో నాకు నిజంగా తెలియదు. నన్ను బస్సెక్కించాలంటే ఎందుకో చెప్పాలి, చెబితే బిడ్డ మీద అబద్ధపు ఒట్టేసిన సంగతి ఆయనే ఒప్పుకోవాలి. దాని వల్ల ఆగొచ్చు. ఆగకపోవచ్చు. మగవాడికి ఒట్టుకంటే కోపం పెద్దదైన రోజులు నేను చూశాను. ఇదంతా లెక్క వేసుకుని ధైర్యం తెచ్చుకున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ధైర్యం రాలేదు.

బిందు గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. "నా మూతి చూడు" అని పెదవులతో చెప్పాను. అది చూసింది. గాటు పడిన పెదవిని నెమ్మదిగా పళ్ళ కింది నుంచి వదిలింది.

టైంటేబుల్ పక్కనున్న గడియారంలో పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ, ఆ రెండూ గడిస్తే సాంచెలన్నీ ఆగుతాయి. రోజూ ఆ సరికి నోరు మూసుకుని ఉండేదాన్ని. ఆ రోజు మొదటి పాదం నుంచి, గొంతెత్తి, మొదలుపెట్టాను.